ఏడో నంబరు బకెట్

పోయిన శనివారం పొద్దున మా వంటింట్లో ఉన్న మనుషులు నలుగురు: నేను, నా భార్య, పాత సామాన్లు కొనే పఠాన్ ఒకాయన, ఆయన తమ్ముడు. ఉన్న వస్తువులు: తలుపు రబ్బరు వదులైపోయిన పాత ఫ్రిజ్, దాన్ని బండికి కట్టడానికి తెచ్చిన తాడు (ఒక మూర తక్కువ పడింది), ఇంకా విప్పని కొత్త ఫ్రిజ్ అట్టపెట్టె, నాలుగు గ్లాసుల టీ. లోపల లైటు వెలుగుతుందో లేదో చూద్దామని పఠాన్ పాత ఫ్రిజ్ తలుపు తెరిచి, గుడ్లు పెట్టే అర పక్కన వంగి చూసి, ఇవేంటి భాయ్, మీ పిల్లల పరీక్ష మార్కులా అని హిందీలో అడిగాడు.

మాకింకా పిల్లల్లేరు. అవి మార్కులు కూడా కావు. తలుపు లోపలి తెల్ల ప్లాస్టిక్ మీద, చెరగని మార్కర్‌తో, నా చేతిరాతలో రెండు వరసలు: ఎడమవైపు తేదీలు, కుడివైపు డిగ్రీలు. అన్నిటికంటే అడుగున ఉన్న ఒక్క పంక్తి మాత్రం నా రాత కాదు. ఎప్పుడో నెల్లూరు బళ్లో అయిదో తరగతి దాకా తెలుగు చదివి, తర్వాత రాయడం మానేసిన మనిషి వంకర అక్షరాలు. పెళ్లయి రెండేళ్లుగా నా భార్య వాటి చుట్టూ జాగ్రత్తగా తుడుస్తూ వచ్చిందట. ఫ్రిజ్‌లు బాగుచేసేవాళ్లంతా ఇలాగే ఏదో రాసుకుంటారేమో అనుకుందట. పఠాన్‌కి రెండో గ్లాసు టీ పోయమని చెప్పి, నేను ఆ తలుపు ముందు కూర్చుండిపోయాను.

మీలో నా ఈడువాళ్లు చాలామంది 2020లో ఇక్కడే షార్జా, దుబాయ్‌ల్లో ఇరుక్కుపోయి ఉంటారు కాబట్టి ఆ ఏడాది గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. అప్పటికి డిప్లొమా పూర్తిచేసి, షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఏసీలు, కోల్డ్ రూములు బాగుచేసే వర్క్‌షాపులో చేరి ఏడాదిన్నర అయింది నాకు. అక్కా బావల ఇంట్లో, హాల్లో సోఫా మీద పడక. ఇల్లంటే పాతకాలపు ఒంటి అంతస్తు విల్లా. మధ్యలో ప్లైవుడ్ గోడ పెట్టి రెండు వాటాలు చేశారు. ఒకదాంట్లో మేం ముగ్గురం, రెండోదాంట్లో నెల్లూరి నుంచి వచ్చిన చాచా, చాచీ. వరసకు ఏమీ కారు. పిలుపు అలా స్థిరపడింది. ఇద్దరికీ కలిపి ముందు ఒక పెరడు, దాన్ని ఇక్కడివాళ్లు హోష్ అంటారు. పొడవు పదకొండు మీటర్లు, వెడల్పు నాలుగు, మూల ఒక నిమ్మచెట్టు, దాని కింద ఒక విరిగిన కుర్చీ. కొలత ఎందుకు తీశావని అప్పట్లో అందరూ అడిగారు. నాకు అలవాటు, అంతే.

ఆ ప్లైవుడ్ గోడ వల్ల ఎవరి వంటా ఎవరికీ రహస్యం కాదు. అక్క పోపు పెడితే గోడ అవతలి నుంచి చాచీ కేక వేసేది: "బేటీ, మెంతులు మాడ్తా ఉండాయి!" చాచీ కూర వండితే మా బావ ఆ వాసన పట్టుకుని, ఏదో పని ఉన్నట్టు పెరట్లోకి వెళ్లి నిలబడేవాడు, గిన్నె చేతికి వచ్చేదాకా కదిలేవాడు కాదు. ఇక చాచా సంగతి వేరు. బర్ దుబాయ్‌లో ఒక అత్తరు దుకాణంలో ఇరవై ఆరేళ్లుగా పని చేస్తున్నాడు. పని అంటే అమ్మడం కాదు, కలపడం. వచ్చినవాడి మణికట్టు వాసన చూసి, నీకు గులాబీ పడదు, గంధంలో కొంచెం వట్టివేరు వేస్తానుండు అని చెప్పే మనిషి. సాయంత్రం ఇంటికి వస్తూ గేటు దగ్గరే ఆగి, మా ఇంట్లో పెరుగు పులిసిందని కూడా చెప్పేవాడు. అక్కకి అది నచ్చేది కాదు.

ఆ జూన్‌లో చాచాకి కరోనా వచ్చింది. పెద్ద జబ్బేమీ చేయలేదు, పది రోజుల్లో లేచి తిరిగాడు, కానీ ముక్కు పోయింది. వాసన అన్నది పూర్తిగా పోయింది. నెలలో వస్తుందన్నారు, రాలేదు. రెండు నెలలు, మూడు నెలలు. దుకాణం తెరిచాక ముదీర్‌కి, అంటే మేనేజర్‌కి, ఈ సంగతి చెప్పకుండా పనిలోకి వెళ్లడం మొదలుపెట్టాడు. ఏ సీసా ఏ అరలో ఉందో, ఏది ఎన్ని చుక్కలో చేతికి కంఠస్థం కాబట్టి రోజు గడిచిపోయేది. అసలు భయం వేరే ఉంది. దుకాణం యజమాని విమానాలు ఆగిపోయి తన దేశంలో ఉండిపోయాడు. ఫిబ్రవరి చివర్లో వస్తానని కబురు పెట్టాడు. ఏటా ఆయన రాగానే కొత్తగా వచ్చిన ఊద్, అంటే అగరు చెక్కలు, నిప్పు మీద వేసి, పొగ వాసన చూసి, ఇది మొదటి రకం, ఇది రెండో రకం అని వేరుచేసేది చాచాయే, అదీ ఆయన ఎదురుగా కూర్చుని. పొగ దగ్గర కంఠస్థం పనికిరాదు. తెలిసిపోతే ఖలాస్, వీసా రద్దు చేసి టికెట్టు చేతిలో పెడతారు. టికెట్టు మాట అటుంచి, వట్టి ముక్కుతో ఊరికి ఎలా పోవాలి అనేవాడు.

రోజూ పొద్దున నాలుగు వాసనలు చూస్తూ ముక్కుకి అలవాటు చేయమని డాక్టరు చెప్పాడు. వచ్చే వాసన మొదట్లో తప్పుగా కూడా రావచ్చని, కొందరికి కాఫీ కూడా కుళ్లు కంపు కొడుతుందని హెచ్చరించాడు. ఇలాంటి పని కనపడితే నేను ఊరుకోను కదా, గళ్లు గీసి ఒక కాగితం తయారుచేశాను. గులాబీ, గంధం, వట్టివేరు, మల్లె: నాలుగు చిన్న సీసాలు. చాచా కుర్చీలో, నేను ఎదురుగా. మొదటి వారమంతా సున్నాలు. రెండో వారం ఒకటి, రెండు. మూడో వారానికి నాలుగుకి నాలుగు. మా ఆనందానికి హద్దు లేదు. ఆ శుక్రవారం అక్క పాయసం పెట్టింది.

పాయసం రోజు సంగతే చెప్పాలి. చాచా మా వంటింటి గడప మీదే కూర్చుని, ఎవరో షేక్ గారికి తాను కలిపి ఇచ్చిన అత్తరు కథ చెబుతున్నాడు. మాటల్లో పడి అక్క పాలు మరిచిపోయింది. గిన్నె అడుగంటి, ఆ మాడు కంపు వాటాలు రెండూ దాటి గేటుదాకా పోయింది. నేను హాల్లోంచి పరిగెత్తుకొచ్చాను, బావ స్నానాల గదిలోంచి అరిచాడు, గోడ అవతల చాచీ మొత్తుకుంది. గిన్నెకి రెండడుగుల దూరంలో ఉన్న చాచా మాత్రం కథ ఆపలేదు. షేక్ గారు ఏమన్నారో చెప్పడం పూర్తిచేసి, పాయసం అయిందా అమ్మా అని అడిగాడు.

ఆయనకే మా మొహాలు చూసి అర్థమైంది. నాతో అన్నాడు: "సీసా చేతిలో పట్టుకుంటే బరువు తెలుస్తాది అబ్బయా. నూనె గాజు మీద జారే తీరులో తెలుస్తాది. ఇరవై ఆరేళ్లు. ముక్కుతో పనేముంది?"

నేను మరి ఎందుకు చెప్పలేదని అడిగితే, "నువ్వు సున్నా రాసేటప్పుడు నీ మొహం చూడలేకపోయినా" అన్నాడు.

అంటే నా కాగితం అంతా వృథా. కళ్లకీ చేతికీ అందని వాసన కావాలి. అలా ఆలోచిస్తుంటే చాచాయే అన్నాడు, దుకాణంలో నర్గీస్ అనీ సుంబుల్ అనీ రెండు అత్తర్లున్నాయి, జనం వాటిని అడిగి తీసుకుంటారు, కానీ ఇన్నేళ్లలో అసలు పువ్వు వాసన నేను చూసింది లేదు, సీసానే తెలుసు అని. చేతికి తెలియని వాసన! నేను వెతికాను. రెండూ దుంప పువ్వులు, చలి దేశాల్లో వసంతంలో పూసేవి. నర్గీస్ తెల్లగా చుక్కల్లా పూస్తుంది, సుంబుల్ నీలంగా కంకిలా నిలబడుతుంది. మొక్కలమ్మే దుకాణంలో అక్టోబరులో దొరికాయి. చెరి డజను, మొత్తం ఇరవై నాలుగు. నర్గీస్‌కి పెద్ద పట్టింపులేమీ లేవు. సుంబుల్‌కి మాత్రం నాటే ముందు పది వారాలు చలికాలం కావాలి. షార్జాలో చలికాలం అంటే మా అక్క ఫ్రిజ్ ఒక్కటే.

"కూరగాయల అర నీ దుంపలకిస్తే నా వంకాయలు ఎక్కడ పెట్టను, నీ నెత్తిన పెట్టనా?" అంది అక్క. చాచా కోసమని చెప్పాక సగం అర ఇచ్చింది. ఉల్లిపాయల్లా కనిపిస్తాయి, తింటే విషం కాబట్టి పైన ఎర్ర అక్షరాలతో రాసి అంటించాను. బావ ఆ చీటీ చదివి, "నీ వంట కంటే ప్రమాదమా ఇవి?" అని అక్కని అడిగి, ఆ పూట తన కాఫీ తానే పెట్టుకున్నాడు.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. మా పని చేసేవాడు తప్ప ఇంకెవరూ చేయని తప్పు అది. మా పనిలో తేమ అంటే శత్రువు. గ్యాస్ నింపే ముందు గొట్టాల్లో గాలి అనేది లేకుండా పంపుతో లాగేసి సీలు వేస్తాం. ఒక్క చుక్క నీరు మిగిలినా కంప్రెసర్ పోతుంది. అదే చేతి అలవాటుతో పన్నెండు సుంబుల్ దుంపలనీ మందపాటి ప్లాస్టిక్ సంచిలో వేసి, తేమ పీల్చే పొట్లాలు రెండు వేసి, వర్క్‌షాపు పంపుతో గాలి లాగేసి, అంచు కాల్చి మూసేశాను. ఫ్రిజ్‌లో థర్మామీటరు పెట్టి రోజుకి రెండుసార్లు డిగ్రీలు తలుపు మీద రాశాను. ఆరు, ఆరున్నర, ఆరు. లెక్క ఎంత బాగుందో చెప్పలేను. దుంప ప్రాణమున్నది, అది ఊపిరి తీసుకుంటుంది అన్న సంగతి మాత్రం తట్టలేదు. మూడో వారం సంచి ఉబ్బి, లోపల నీటి బొట్లు కనపడ్డాయి. కంగారుగా కోసి చూస్తే పదకొండు గట్టిగానే ఉన్నాయి, ఒకటి ఒక పక్కన బొటనవేలు నొక్కితే లోపలికి పోయేంత మెత్తబడింది.

దాన్ని పారేయాల్సింది. పారేస్తే ఇరవై మూడు అవుతాయి. నా దుంపల లెక్క కాగితం మీద ఇరవై నాలుగని రాసి ఉంది. సిగ్గూ ఒకటి ఉంది. గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, మిగిలినవాటితో కలిపి కాగితం సంచిలో పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. నా జన్మలో నేను ఎక్కడా రాయకుండా వదిలేసిన అంశం అదొక్కటే.

జనవరి మొదటి శుక్రవారం నాటాం. ఖాళీ పెయింటు బకెట్లు ఎనిమిది, అడుగున డ్రిల్లుతో అయిదేసి రంధ్రాలు, ఒక్కోదాంట్లో మూడేసి దుంపలు. ఒకటి నుంచి నాలుగు నంబర్లు నర్గీస్, అయిదు నుంచి ఎనిమిది సుంబుల్. మట్టిలో సగం ఇసుక. దుంప ఎత్తుకి రెండున్నర రెట్లు లోతు ఉండాలి, మొన పైకి ఉండాలి. నేను ఇనుప స్కేలు పట్టుకుని ఒక్కో గుంటా కొలుస్తుంటే చాచీ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. చాచా మాత్రం ఒక్కో దుంపనీ చేతిలో తూచి చూసి, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు మట్టిలో పెట్టాడు. ఆ మెత్తటి దుంప ఏ బకెట్‌లో పడిందో నాకు తెలియలేదు. తుడిచి ఆరబెట్టాక అన్నీ ఒకేలా ఉన్నాయి.

పూలు రావడానికి ఇంకా వారాలున్నా, మర్నాటి నుంచే పరీక్ష మొదలుపెట్టాను. ఏ వాసనా లేనప్పుడు లేదని చెప్పడం కూడా లెక్కలోకి వస్తుందని నా వాదన. పొద్దున్నే చాచా తుండు భుజాన వేసుకుని, ఎనిమిది బకెట్ల దగ్గరా మోకాళ్ల మీద కూర్చుని, మొహం మట్టి దాకా వంచి వాసన చూసేవాడు. నేను సున్నా, సున్నా అని రాసేవాణ్ణి. గేటు ముందు నుంచి పోయే జనం ఆగి చూసేవాళ్లు. ఈ మనిషి నమాజులోలా మట్టికి సజ్దా చేస్తున్నాడనుకుంటారు, లోపలికి రండి అని బావ గోల పెట్టేవాడు. ఫిబ్రవరి దగ్గరపడుతున్నకొద్దీ చాచా మాటలు తగ్గాయి. ఒకరోజు పాత సూట్‌కేసు దించి, దాని తాళం పనిచేస్తుందో లేదో చూస్తున్నాడని చాచీ అక్కకి చెప్పి ఏడ్చింది.

నాటిన పద్దెనిమిదో రోజు. చాచా ఏడో బకెట్ దగ్గర వంగినవాడు లేవలేదు. మళ్లీ వంగాడు. పక్క బకెట్ చూసి మళ్లీ వెనక్కి వచ్చాడు. "అబ్బయా, ఇందులో ఏదో బాగలేదు" అన్నాడు, చాలా నెమ్మదిగా.

నేను వంగి చూశాను. తడి మట్టి వాసన తప్ప ఏమీ లేదు. అక్కని పిలిచాను, ఏమీ లేదంది. బావ, చాచీ కూడా చూశారు. నలుగురు మంచి ముక్కుల మనుషులం, ఒక్కరికీ ఏమీ తెలియలేదు. "కుళ్లు" అన్నాడు చాచా. "తియ్యటి కుళ్లు. లోపల." చాచీ మొహం పాలిపోయింది. మా పక్క వీధిలో ఒకాయనకి ముక్కు ఇలాగే తిరిగొచ్చిందట. బిర్యానీ కూడా మురుగు కంపు కొడుతుందని అన్నం ముట్టడం మానేశాడట. డాక్టరు హెచ్చరించిందీ అదే. ఏమీ లేని చోట కుళ్లు వాసన వస్తుంటే అసలు వాసన రాకపోవడం కంటే అది అధ్వాన్నం; అలాంటి ముక్కుతో ఊద్ ముందు కూర్చోవడం ఉండదు, అన్నం ముందు కూర్చోవడం కూడా కష్టమే. చాచా ఎవరివంకా చూడకుండా నిమ్మచెట్టు కింద విరిగిన కుర్చీలో కూర్చున్నాడు.

అప్పుడు నాకు నా రాయని దుంప గుర్తొచ్చింది. ఎవరికీ ఏమీ చెప్పకుండా చెంచా తెచ్చి ఏడో బకెట్ తవ్వాను. మొదటి దుంప రాయిలా గట్టిగా ఉంది, పచ్చటి మొన కూడా వచ్చింది. రెండోది గట్టిగానే ఉంది. మూడోదాని కోసం వేళ్లు లోపలికి పెడుతూ, జీవితంలో మొదటిసారి, నా తప్పు నా చేతికి తగలాలని మొక్కుకున్నాను. వేళ్లు గుజ్జులో దిగిపోయాయి. బయటికి తీశానో లేదో ఆ కంపు పెరడంతా కమ్మేసింది. అక్క ముక్కు మూసుకుని గేటు దాకా పరిగెత్తింది, బావ "ఛీ ఛీ" అంటూ గోడకి అంటుకుపోయాడు.

చాచా లేచి వచ్చి, నా చేతిలోంచి ఆ గుజ్జు దుంపని రెండు చేతులతో తీసుకుని, ముక్కుకి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. 

"అవతల పారేయండి దాన్ని!" అని చాచీ అరిచింది.

"ఉండవే" అన్నాడు. "ఏడు నెలల తర్వాత ఇంటికొచ్చింది, గుమ్మంలోంచే తరిమేయమంటావా?"

చాచీ నవ్వుతూ ఏడ్చిందో ఏడుస్తూ నవ్విందో నేను రాసుకోలేదు. చాచా ముక్కు చెప్పింది నిజమేనని తేలాక, మేమంతా ఆ కంపు మధ్యలోనే నేల మీద కూర్చుండిపోయాం. ఆ దుంప సంగతి అప్పుడు చెప్పేశాను: పంపు, సంచి, సిగ్గు, అన్నీ. చాచా తిట్టలేదు, పొగడలేదు. చేతులు కడుక్కుని మా వంటింట్లోకి వచ్చి, మార్కర్ అడిగి తీసుకుని, ఫ్రిజ్ తలుపు మీద నా డిగ్రీల కింద మెల్లగా, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ రాశాడు: ఏడో నంబరు, ఒక దుంప, వాసన తెలిసింది.

ఆ తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి. సబ్బు, ఇంగువ, వాన పడ్డ సిమెంటు. వారం తర్వాత గోడ అవతల నుంచి చాచా గొంతు వినపడింది, మీ పెరుగు పులిసిందమ్మా అని. అక్క ఆ మాటకి ఎప్పుడూ కోప్పడేది. ఆ రోజు పొయ్యి ఆపి వచ్చి కళ్లు తుడుచుకుంది. ఫిబ్రవరిలో నర్గీస్ పూసింది, సుంబుల్ ఎక్కువగా ఆకులతోనే ఆగిపోయింది. అసలు పువ్వులో కాస్త పేడ వాసన కూడా కలిసి ఉంటుందని ఎవరికి తెలుసు? చాచీకి తలనొప్పి వచ్చింది. చాచా మాత్రం, చూశావా, సీసాలో ఇది తీసేస్తారు, అందుకే అది అబద్ధంలా ఉంటుంది అని రోజుకి మూడుసార్లు బకెట్ల దగ్గరికి వెళ్లేవాడు. నెలాఖరున యజమాని వచ్చాడు. ఆ సాయంత్రం గేటు దగ్గర చాచా చేతులు ఊద్ పొగ వాసన కొడుతున్నాయి. ఏమైందని మేం అడగలేదు, ఆయనే సూట్‌కేసుని మళ్లీ అటక మీద పెట్టమని నన్ను పిలిచాడు.

ఇప్పుడు ఆ విల్లా లేదు. పడగొట్టి కార్లు పెట్టుకునే చోటు చేశారు. అక్కా బావలు ఖోర్ ఫక్కాన్‌లో ఉన్నారు, బావకి అక్కడి పోర్టులో పని; వెళ్తూ ఆ ఫ్రిజ్ నాకు వదిలేశారు. చాచా ఇప్పటికీ అదే దుకాణంలో, అదే స్టూలు మీద ఉన్నాడు, ఉండేది మాత్రం మూడో అంతస్తులో ఒక గది, మట్టి లేదు. నేను ఇప్పుడు పెద్ద భవనాలకి గాలి గొట్టాల లెక్కలు వేస్తున్నాను. ఒక ఇంటి వంట వాసన ఇంకో ఇంటికి పోకుండా చూడడం నా పనిలో ఒక భాగం, ఆ పని బాగా చేస్తానని పేరు కూడా ఉంది. మా అంతస్తులో ఆరు ఇళ్లున్నాయి. ఎవరింట్లో ఏం మాడిందో నాలుగేళ్లలో ఒక్కసారి కూడా నాకు తెలియలేదు, మా పెరుగు పులిసిందని ఎవరూ చెప్పలేదు. పనిగా చూస్తే ఇందులో ఒక్క లోపం లేదు.

తలుపు మీద రాతకి ఫోటో తీసుకుని, పఠాన్‌కి తాడు ఇంకో మూర కలిపి ఇచ్చి, ఫ్రిజ్ పంపించేశాను. తర్వాత దుంపల లెక్క రాసిన పాత కాగితం తీసి చూశాను. నాటినవి ఇరవై నాలుగు. ఆకులతో ఆగిపోయినవి పన్నెండు. పూసినవి పదకొండు. కుళ్లింది ఒకటి.